మూడో ముడి

ఆకు తిప్పి చూడు, మునిరాజూ.
పైనుంచి చూస్తే పైరు కళకళలాడతానే ఉంటుంది.
అడుగున, ఈనె పక్కన, పచ్చదోమ.
వేలు దగ్గరికి పోతే చాలు
ఎండ్రకాయ మాదిరి అడ్డంగా నడిచిపోతుంది.
అంచులు పైకి మడిచి ఆకు దొప్పయిందంటే
మనకు కబురొచ్చినట్టే.

పొద్దున కొట్టొద్దు.
పొద్దున పువ్వు విచ్చుకుని ఉంటుంది,
పసుపు గిన్నె, గొంతులో కుంకుమ,
తేనెటీగలు వాటి పనిలో ఉంటాయి.
సాయంత్రం, పువ్వు ముడుచుకున్నాక, మన పని.
గాలికి ఎదురు నిలబడొద్దు.
తువ్వాల ముక్కుకు కట్టుకో, బీడీ ఇంట్లో పెట్టి రా.
నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు.
నేను ఊదినా. అందుకే చెబుతాండా.

ఇరవై రెండేండ్లు ఈ డబ్బా నా వీపు మీద.
హోస్కోట చుట్టూ ఏ తోట ఎంత వాలుందో
నా మోకాళ్ళకు తెలుసు.
అంగట్లో మందుల పేర్లు మారతా వచ్చినాయి,
పురుగుది మాత్రం అదే ఇంటిపేరు.
ఒకే మందు మళ్ళీ మళ్ళీ కొడితే
దానికి అలవాటు పడిపోతుంది,
మనం పొగాకుకు పడినట్టు.

పోయినేడు పిళ్ళమ్మక్క ముప్పావు ఎకరాలో కొట్టినా.
సోమవారం సాయంత్రం, పది డబ్బాలు.
పైన విమానం చక్రాలు దించుకుని
దేవనహళ్ళి పక్కకు పోతాంది.
కింద నా తుంపర, ఏటవాలు ఎండలో
మూరెడు ఇంద్రధనుస్సు వేసి, తానే చెరిపేసుకుంది.
ఐదు దినాలు కాయ కోయొద్దని
అంగడాయన చెప్పి పంపినాడు.
అక్కకు చదువు రాదు.
కొంగుకు ఐదు ముడులేసుకుంది,
దినానికొకటి విప్పేదానికి.

అయితే బెండకు ఆగడం తెలీదు.
దినం మార్చి దినం కోయాల.
ఈ పొద్దు వేలంత, ఎల్లుండికి జానెడు,
ఆమీద నార తేలి కత్తికే లొంగదు.
ఐదు దినాలంటే
రెండు కోతలు మట్టిలో కలిసినట్టు.

గురువారం తెల్లారక ముందే ఫోను.
కలాసిపాళ్యం మండీ నుంచి సుభాన్ సాబు:
"కిలో యాభై రెండు పలకతాంది, బండి పంపేదా?"
అక్క చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత మూడో ముడితో పాటు
నాలుగోది, ఐదోది
నిలబడిన చోటే విప్పేసింది.

ముగ్గురు ఆడోళ్ళు, దురదకు
మగోళ్ళ పాత చొక్కాల చేతులు తొడుక్కుని
తొమ్మిదికంతా నాలుగు మూటలు కట్టేసినారు.
ఆ మధ్యాన్నం నాకు పెట్టిన సంగటిలోకి ఉలవచారు.
ఎప్పుడూ పెట్టే బెండకాయ పులుసు కాదు.
నేను అడగలేదు.
ఆమె చెప్పలేదు.

మరుసటి దినం కళ్ళ డాక్టరు కోసం కె.ఆర్.పురం పోయినా.
ఆస్పత్రి ముందర తోపుడుబండి, బండి మీద బెండ.
మనదేనా? ఏమో. బెండకు ముఖముండదు.
ఒకామె ఒక్కొక్క కాయా తీసి కొన విరుస్తాంది.
టప్‌మంటే సంచిలోకి, వంగితే వెనక్కి.
లేతదో ముదురో కొన చెబుతుంది.
మందు కొట్టి ఎన్నో దినమో
చెప్పే కొన బెండకు లేదు.
"బాగా కడగండమ్మా" అన్నా.
ఆమె నా చేతులు చూసి
కొంచెం అవతలికి జరిగి నిలబడింది.

సరే, డబ్బా ఎత్తుకో.
ఈ ఏడు అక్క నిన్ననే కోసేసింది,
ఇంకా వేలెడు కాని పిందెలు కూడా.
వేపనూనెతో సరిపెట్టగూడదా అని అడిగింది.
ఇరవై ఆకులు తిప్పి చూసినా. సరిపోదు.
అదిగో, గట్టు మీద కూర్చోనుంది చూడు,
ఈసారి కొంగు నీళ్ళలో ముంచి ముడులేస్తాంది.
తడిపి వేసిన ముడి
ఎండినాక
గోటికి అంత సుళువుగా రాదు.